ఇంధన ఘటపు బండ్లు – వాటికి తగిన ఇంధనము

నీటిలో కొంచెము ఆమ్లమును కలిపి, అందు రెండు లోహపు పలకలను ముంచి, వాటి ద్వారా విద్యుత్తును ప్రసరింపజేసినచో ఆ నీరు రెండు వాయువులుగా విడిపోవును. ఒక పలక చెంత ఉదజనియు, రెండవ పలక చెంత ఆమ్లజనియు బుడగలు బుడగలుగా పైకి వచ్చును. ఉదజనినే హైడ్రోజన్ అనియు, ఆమ్లజనినే ఆక్సిజన్ అనియు పిలుతురు. ఈ ప్రయోగమును పాఠశాలలందు ఉపాధ్యాయులు చూపుచునే యుందురు. కాని చూచినవారిలో, "ఈ రెండు వాయువులను మరల కలిపినచో, వెచ్చించిన విద్యుత్తు మరల దక్కునా?" అని అడుగువారు అరుదు. వేల్స్ దేశీయుడగు విలియం రాబర్ట్ గ్రోవ్ 1839వ సంవత్సరమున ఈ ప్రశ్ననే వేసికొనెను.

గ్రోవ్ వృత్తిచేత న్యాయవాది. పిమ్మట న్యాయమూర్తి కూడ అయ్యెను. విజ్ఞానశాస్త్రము ఆయనకు విశ్రాంతి వేళల వ్యాసంగము. ఆయన ఒక గాజు గొట్టములో ఉదజనిని, వేరొక గొట్టములో ఆమ్లజనిని నింపి, రెంటియందును ప్లాటినపు రేకుల నుంచి, వాటి అడుగు భాగములను ఆమ్లజలములో నిలిపెను. రేకులను తీగతో కలిపినంతనే ఆ తీగలో విద్యుత్తు ప్రవహించెను. గొట్టములలోని వాయువులు క్రమముగా తగ్గిపోయెను. అట్టి పాత్రలను కొన్నింటిని వరుసగా కూర్చి, వాటినుండి పుట్టిన విద్యుత్తుతోనే వేరొక పాత్రలోని నీటిని విడగొట్టి చూపెను. వాయువులు నీరగుచుండగా పుట్టిన విద్యుత్తు, మరియొక చోట నీటిని వాయువులుగా మార్చుచుండుట చూచువారికి ఎంతయో వింతగా తోచియుండును. గ్రోవ్ నిర్మించిన ఈ సాధనమునకే నేడు ఇంధన ఘటమని పేరు.

ఇంధన ఘటమునకును బ్యాటరీకిని చుట్టరికము కలదు గాని, అవి రెండును ఒకటి కావు. బ్యాటరీ నీరు నింపిన కడవ వంటిది. కడవలోని నీరు అయిపోయిన పిమ్మట మరల నింపవలసినదే. ఇంధన ఘటమో, పొయ్యి వంటిది. కట్టెలు వేయుచున్నంతసేపు పొయ్యి మండును. ఇంధనమును, గాలిని అందించుచున్నంతసేపు ఘటము విద్యుత్తు నిచ్చుచుండును. అయితే పొయ్యిలో వలె ఇందు మంట యుండదు. నేటి మోటారు బండ్లలో వాడు ఘటమున రెండు పలకల నడుమ కాగితమువలె పలుచనైన పొర యొకటి యుండును. ఒక ప్రక్కనుండి ఉదజని వచ్చి ప్లాటినపు పొడి పూసిన పలకను తాకినంతనే, దాని పరమాణువు ప్రోటానుగను, ఎలక్ట్రానుగను విడిపోవును. ప్రోటానులు నడుమనున్న పొరగుండ ఆవలికి పోగలవు. ఎలక్ట్రానులకు ఆ దారి లేదు. అవి బయటి తీగ వెంట చుట్టు తిరిగి పోవలసినదే. ఆ చుట్టుదారిలో పోవునపుడే అవి మోటారును త్రిప్పును. ఆవలి ప్రక్క గాలిలోని ఆమ్లజనితో అందరును మరల కలిసికొని నీరుగా మారుదురు అన్నట్లుండును ఆ ప్రయాణము. ఒక్కొక్క ఘటమునుండి లభించునది ఒక వోల్టునకు లోపే. కావున బండికి చాలునట్లుగా కొన్ని వందల ఘటములను ఒకదానిపై నొకటి పేర్చుదురు.

పెట్రోలు యంత్రము ఇంధనమును మండించి, ఆ వేడిమితో ముషలకమును నెట్టించి, తద్ద్వారా చక్రములను త్రిప్పును. ఈ క్రమమున పెట్రోలులోని శక్తియందు చక్రములకు చేరునది సాధారణముగా నాలుగవ వంతునకు అటునిటుగా నుండును. తక్కినది వేడిమియై పొగగొట్టము నుండియు, యంత్రపు పైభాగము నుండియు గాలిలో కలిసిపోవును. ఇంధన ఘటము తన కందిన శక్తిలో ఇంచుమించు సగమును విద్యుత్తుగా మార్చగలదు. దాని పొగగొట్టమునుండి వచ్చునది నీటియావిరి మాత్రమే. ఇంతటి గుణములు గల సాధనము నూరేండ్లకు పైగా ప్రయోగశాలల నుండి బయటికి రాలేకపోవుటకు పెక్కు కారణములు గలవు. వాటిలో ముఖ్యమైనది ఒక్క ప్రశ్న: దానికి పెట్టవలసిన ఆహార మేది?

ఈ ప్రశ్నకు సమాధానము తేలికగా దొరకకపోవుటకు హేతువు కలదు. ఘటమునకు రుచించునది ఒకటి. బండి మోయుటకు అనువైనది వేరొకటి. చవుకగా లభించునది ఇంకొకటి. ఈ మువ్వురిని ఏకకాలమున మెప్పించు ఇంధనము ఇంతవరకును కానరాలేదు.

ఇంగ్లండున ఫ్రాన్సిస్ థామస్ బేకన్ అను ఇంజనీరు 1932 నుండియు ఈ ఘటములపై కృషి చేసి, 1959లో 5 కిలోవాట్ల శక్తి నిచ్చు ఘటమును ప్రదర్శించెను. దాని ఆహారము శుద్ధమైన ఉదజని, ఆమ్లజనులు. అదే సంవత్సరమున అమెరికాలో హారీ ఇహ్రిగ్ అను నాతడు ఇంధన ఘటములతో నడచు ట్రాక్టరును నిర్మించి పొలము దున్నించెను. అందు 1,008 ఘటము లుండెను. ప్రొపేను ముఖ్యముగా గల వాయు మిశ్రమమును దాని కిచ్చిరి. అనగా, బండ్లకు ఏ ఇంధనము వాడవలెనను విషయమున ఆదినుండియే దారులు చీలినవి.

అంతరిక్షయాత్ర వచ్చినంతనే తీర్పు ఉదజని పక్షమున వెలువడెను. 1965లో జెమినీ 5 నౌకయందును, పిదప చంద్రునివద్దకు పోయిన అపోలో నౌకలయందును ఇంధన ఘటములే విద్యుత్తు నిచ్చెను. అపోలో నౌకల ఘటములకు బేకను కృషియే పునాది. ఉదజని, ఆమ్లజనులను అతిశీతల ద్రవములుగా తొట్టెలలో తీసికొనిపోవుచుండిరి. ఘటములలో పుట్టిన నీటినే వ్యోమగాములు త్రాగుచుండిరి. అంతరిక్షమున వ్యయమును లెక్కించువారు తక్కువ. బరువును లెక్కించువారే ఎక్కువ. ఒక కిలో ఉదజనిలో గల శక్తి ఇంచుమించు 2.7 కిలోల పెట్రోలులోని శక్తికి సమానము. తూకముచేత చూచినచో దానిని మించిన ఇంధనము లేదు.

భూమిపై నడచు బండికి అదే ఇంధనమును పెట్టి చూతమని అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థ 1966లో ఎలక్ట్రోవాన్ అను బండిని నిర్మించెను. అది ఆరుగురు కూర్చుండదగిన వ్యాను. ద్రవరూపమున నున్న ఉదజనికి ఒక తొట్టి, ఆమ్లజనికి వేరొక తొట్టి, ఘటముల పేర్పు, గొట్టములు, మరలు – ఇవన్నియు చేరుసరికి ఇద్దరికి మాత్రమే చోటు మిగిలెను. బండి బరువు 3,200 కిలోల వరకు పెరిగెను. ప్రమాద మేమైన సంభవించునను భయముచేత దానిని సంస్థవారి ఆవరణములోనే నడిపిరి. అట్టి బండిని కొనువా రెవ్వరు? కాని ఆ ఘటములను తయారుచేసిన యూనియన్ కార్బైడ్ సంస్థలో పనిచేయుచుండిన కార్ల్ కోర్డెష్ నిరుత్సాహపడలేదు. ఆయన 1970లో తన చిన్న ఆస్టిన్ కారుకు ఇంధన ఘటమును, మామూలు బ్యాటరీలను అమర్చి, ఉదజనిని నొక్కి నింపిన సిలిండర్లను కారు కప్పుపై బిగించి, ఒహాయో రాష్ట్రపు రహదారులపై మూడేండ్లపాటు నడిపెను.

సిలిండర్లు కప్పు నెక్కుటకు కారణ మేమి? ఉదజని తూకమున తేలిక. కాని అది ఆక్రమించు చోటు మిక్కిలి పెద్దది. మామూలు పీడనము వద్ద ఒక కిలో ఉదజనికి 11 ఘనమీటర్ల స్థలము కావలెను; అనగా అది ఒక చిన్న గదిని నింపివేయును. అంతటి శక్తినే యిచ్చు పెట్రోలు నాలుగు సీసాలలో పట్టును. ఈ చిక్కును తప్పించుకొనుటకు శాస్త్రజ్ఞులు మూడు ఉపాయములను పన్నిరి. మొదటిది నొక్కుట. వాతావరణ పీడనమునకు 700 రెట్లు పీడనముతో ఉదజనిని నొక్కినచో, లీటరు స్థలమున సుమారు 40 గ్రాములు పట్టును. అంత పీడనమున కాగు ట్యాంకులను బొగ్గునారతో మందముగ చుట్టి చేయుదురు. రెండవది చల్లార్చుట. సున్నకు 253 డిగ్రీలు దిగువకు చల్లబరచినచో ఉదజని ద్రవమగును. అపుడు లీటరునకు 71 గ్రాములు పట్టును. కాని అట్లు చల్లబరచుటకే ఉదజనిలోని శక్తియందు మూడవ వంతుతో సమానమైన శక్తి వెచ్చింపవలసివచ్చును. పైగా బండిని కొన్నిదినములు కదపక నిలిపినచో ద్రవము మెల్లగా ఆవిరియై పోవుచుండును. మూడవ ఉపాయము కొన్ని మిశ్రమలోహములచేత ఉదజనిని పీల్పించుట. స్పంజి నీటిని పీల్చుకొన్నట్లు ఆ లోహములు ఉదజనిని తమలో ఇముడ్చుకొనును. కాని నూరు కిలోల లోహములో ఇముడునది ఒకటి రెండు కిలోలే. కారునకు ఆ బరువు భారము. నీటిలో మునుగుటకు బరువే కావలసిన జలాంతర్గామికి అది బాధ కాదు. అందువలననే జర్మనీ నౌకాదళపు కొన్ని జలాంతర్గాములలో ఉదజనిని నేటికిని ఈ విధముగనే దాచుచున్నారు.

ఇట్టి చిక్కులు గల వాయువును మోయుట కంటె, దానిని తనయందే దాచుకొన్న ఒక ద్రవమును మోసికొని పోయి, అవసరమైనపుడు బండిలోనే ఉదజనిని వెలికితీయుట మేలు గదా యని కొందరు తలచిరి. వారికి మొదట కనబడినది మెథనాలు. ఇది సారాయము జాతికి చెందిన ద్రవము. విచిత్ర మేమనగా, ఒక లీటరు ద్రవ ఉదజనిలో 71 గ్రాముల ఉదజని యుండగా, ఒక లీటరు మెథనాలులో సుమారు 99 గ్రాముల ఉదజని కలదు! ఉదజనిలో కంటె మెథనాలులోనే ఉదజని ఎక్కువ అన్నచో వినువారు నవ్వవచ్చును గాని, లెక్క నిజమైనది. మెథనాలునకు నీటియావిరిని చేర్చి, 250 మొదలు 300 డిగ్రీల వరకు వేడిచేసి, తగిన ఉత్ప్రేరకముపై ప్రసరింపజేసినచో ఉదజనియు, బొగ్గుపులుసు వాయువును వెలువడును. మెథనాలునందలి ఉదజనియే గాక, ఆ నీటియావిరిలోని ఉదజని కూడ ఇట్లు చేతికి వచ్చును.

జర్మనీకి చెందిన డైమ్లర్ బెంజ్ సంస్థ ఈ దారిలో చాల దూరము పోయెను. ఆ సంస్థ 1994లో నిర్మించిన మొదటి ఇంధన ఘటపు వ్యానులో సామగ్రియే బండినంతటిని ఆక్రమించెను. 1997 నాటికి చిన్న కారులోనే ఘటమును, మెథనాలు నుండి ఉదజనిని తీయు యంత్రమును ఇమిడ్చిరి. 2002వ సంవత్సరమున అట్టి మెథనాలు కారొకటి శాన్ ఫ్రాన్సిస్కో నుండి వాషింగ్టను వరకు 5,200 కిలోమీటర్లకు మించి ప్రయాణము చేసి, అమెరికా ఖండమును ఒక కొసనుండి రెండవ కొసకు దాటెను. ఆ కాలమున వార్తాపత్రికలు చదివినవారు మెథనాలే గెలిచినదని తలచియుందురు.

కాని గెలువలేదు. మెథనాలు నుండి ఉదజనిని తీయునపుడు కార్బన్ మోనాక్సైడు అను వాయువు కూడ కొంత పుట్టును. మూసిన గదిలో కుంపటి పెట్టుకొని నిదురించినవారి ప్రాణములు తీయునది ఈ వాయువే. రక్తములో ఆమ్లజని కూర్చుండవలసిన చోటును ఇది ఆక్రమించి కదలకుండును. ప్లాటినముపై దీని నడవడి సరిగా ఇట్టిదే. ఉదజని వచ్చి తాకవలసిన చోట్లనన్నిటిని ఇది పట్టుకొని కూర్చుండును. పదిలక్షల పాళ్ళ ఉదజనిలో ఈ వాయువు పది పాళ్ళకు మించి యున్నచో ఘటపు శక్తి క్షీణింప నారంభించును. కావున ఉదజనిని తీయు యంత్రము తరువాత దానిని శుద్ధిచేయు యంత్రములు కావలసివచ్చినవి. ఇవన్నియు వేడెక్కువరకు బండి కదలదు. గతుకుల బాటలో, మలుపుల వద్ద, ఒకమారు ఎక్కువ శక్తియు, మరియొకమారు తక్కువ శక్తియు కావలసివచ్చును. రసాయన కర్మాగారము వంటి ఆ యంత్రము అంత త్వరగా హెచ్చు తగ్గులకు లోబడదు. ఇంకొక దోషము ప్రాణసంబంధమైనది. కల్తీ సారాలో మెథనాలు కలిసినందున చూపు పోగొట్టుకొన్నవారి కథలు, ప్రాణములే పోగొట్టుకొన్నవారి కథలు తరచుగా వినబడుచునే యున్నవి. అట్టి ద్రవమును వీధివీధిని విక్రయించుటకు ఏ ప్రభుత్వమైనను జంకును. మెథనాలును వాయువుగా మార్పకయే నేరుగా తినగల ఘటములు కూడ కలవు. అవి చిన్న పరికరములకు చాలును గాని, వాటి శక్తి మందము. మెథనాలు పొరగుండ ఆవలికి కారి కొంత వృథాయగును.

అంతట మరికొందరు, "పెట్రోలుకే ఆ పని చెప్పరాదా? దేశమంతట బంకులు సిద్ధముగ నున్నవి గదా!" అనిరి. ఈ వాదము వినుటకు సొంపైనదే. 2001లో పెట్రోలు నుండి ఉదజనిని తీసికొను ఇంధన ఘటపు వాహనమును జనరల్ మోటార్స్ వారు ప్రదర్శించిరి కూడ. కాని పెట్రోలు ఒక్క పదార్థము కాదు. అది వందలకొలది పదార్థముల కలగూరగంప. దానినుండి ఉదజనిని విడదీయుటకు 700 డిగ్రీలకు మించిన వేడిమి కావలెను. అందలి గంధకము ఉత్ప్రేరకములను చెరచును. ఇంత చేసి, ఆ బండి సాధించునది మంచి పెట్రోలు కారు సాధించు దానికంటె అంతగా మించలేదు. అమెరికా ప్రభుత్వపు ఇంధన శాఖ ఈ పరిశోధనలను పరిశీలించి, బండిలోనే ఇంధనమును మార్చు పద్ధతులకు ధనసహాయమును 2004లో నిలిపివేసెను. పదేండ్ల శ్రమ ఒక నిర్ణయముతో ముగిసెను. ఆ నిర్ణయము సరియైనదే యని తరువాతి చరిత్ర చెప్పుచున్నది.

సుమారు 600 నుండి 800 డిగ్రీల వేడిమి వద్ద పనిచేయు పింగాణీ ఘటముల జాతి వేరొకటి కలదు. వాటికి కార్బన్ మోనాక్సైడు విషము కాదు, ఆహారమే. వీటిని నమ్ముకొని జపాను దేశపు నిస్సాన్ సంస్థ 2016లో బ్రెజిలునందు చెరకు సారాయముతో, అనగా ఎథనాలుతో, నడచు బండిని పరీక్షించెను. 30 లీటర్ల ట్యాంకుతో 600 కిలోమీటర్లకు మించి పోవచ్చునని ఆ సంస్థవారు చెప్పిరి. చెరకు పండించు దేశములకు ఇది ఆశ కలిగించు మాటయే. కాని చల్లని పింగాణీని అంతటి వేడిమికి తెచ్చుటకు ఆలస్యమగును, తొందరపడినచో పగులును. ఆ బండి పరీక్షలను దాటి అంగడికి రాలేదు. ఎరువుల కర్మాగారములలో తయారగు అమ్మోనియా పేరు కూడ వినబడుచుండును. పది రెట్ల వాతావరణ పీడనమునకే అది ద్రవమగును; దాని బరువులో ఆరవ వంతునకు మించి ఉదజని కలదు. అయినను దానిని విడగొట్టుటకు గొప్ప వేడిమి కావలెను. విడగొట్టిన పిమ్మట లేశమాత్రము మిగిలినను ఘటపు పొరను పాడుచేయును. దాని ఘాటు ఎంతటిదో, అది ఊపిరికి ఎంత చెరుపో ఎరుగనివారు లేరు. పెద్ద నౌకలకు అది తగునేమో గాని, వీధులలో తిరుగు కారునకు తగదు.

ఇట్లు చుట్టు తిరిగి ఇంజనీర్లు మొదటి చోటికే వచ్చిరి. ఘటమునకు శుద్ధమైన ఉదజనినే పెట్టుట, దానిని గట్టిగా నొక్కి ట్యాంకులలో నింపుట – ఇదే నేడు స్థిరపడిన పద్ధతి. 2013లో కొరియాకు చెందిన హ్యుందాయ్ సంస్థయు, 2014 డిసెంబరులో జపానుకు చెందిన టొయోటా సంస్థయు ఇట్టి కార్లను జనులకు ఇవ్వ నారంభించిరి. టొయోటా వారి మొదటి మిరాయ్ కారులో 122 లీటర్ల చోటు గల రెండు ట్యాంకులలో ఐదు కిలోల ఉదజని పట్టును. ఆ ట్యాంకుల బరువు సుమారు 88 కిలోలు. అనగా ఐదు కిలోల సరుకునకు ఎనుబది యెనిమిది కిలోల పెట్టె! అయినను ఆ ఐదు కిలోలతో 500 కిలోమీటర్లు పోవచ్చును. నింపుటకు ఐదు నిమిషములు చాలును.

ఉదజని పేరు విన్నంతనే 1937లో అమెరికాలోని లేక్‌హర్స్ట్ వద్ద మండి కూలిన హిండెన్‌బర్గ్ ఆకాశనౌక పెద్దలకు జ్ఞప్తికి వచ్చును. ఆ దుర్ఘటనలో 36 మంది మరణించిరి. ఉదజని తేలికగా అంటుకొనుననుట నిజము. పగటివేళ దాని మంట కంటికి కనబడదు. కాని బయలు ప్రదేశమున కారినచో అది పెట్రోలు ఆవిరివలె నేలనంటి యుండక వేగముగా పైకి పోవును. ట్యాంకులను అగ్నిలో వేసియు, తుపాకితో కాల్చియు పరీక్షింతురు. అయినను అజాగ్రత్త కూడదు. 2019 జూనులో నార్వేలోని ఒక ఉదజని బంకులో ప్రేలుడు జరిగెను. అధిక పీడనపు ట్యాంకు మూతను సరిగా బిగింపకపోవుటయే దానికి కారణమని విచారణలో తేలెను.

ఘటము తృప్తిపడెను, ట్యాంకు సమస్య కొంతవరకు తీరెను. ఇక మూడవ ప్రశ్న మిగిలెను. ఉదజని ఎక్కడనుండి వచ్చును? బొగ్గువలె, చమురువలె దానిని త్రవ్వి తెచ్చుట నేటికి అరుదు. దానిని తయారుచేయవలెను. 2023వ సంవత్సరమున లోకమంతటను తయారైన ఉదజని సుమారు 9 కోట్ల 70 లక్షల టన్నులు. అందు అత్యధిక భాగము సహజవాయువు నుండియు, బొగ్గు నుండియు తీయబడినదే. సహజవాయువు నుండి ఒక కిలో ఉదజనిని తీసినచో తొమ్మిది పది కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియును. ఆ కిలోతో కారు 100 కిలోమీటర్లు పోవుననుకొందము. అంతే దూరమును, లీటరుకు 20 కిలోమీటర్లు నడచు పెట్రోలు కారు ఐదు లీటర్లతో పోవును, లీటరుకు 2.3 కిలోల చొప్పున అది వదలునది సుమారు 11.5 కిలోలు. ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో, పొగగొట్టమునుండి నీరు మాత్రమే వచ్చుచున్నదని సంతోషించుటలో అర్థము కొంచెమే. పొగ పోలేదు; కర్మాగారపు గొట్టమునకు చేరినది.

ఎండతోను, గాలితోను పుట్టించిన విద్యుత్తుతో నీటిని విడగొట్టినచో ఈ దోషము లేదు. గ్రోవ్ చేసిన ప్రయోగమునకు ముందటి మెట్టు అదియే. కాని ఒక కిలో ఉదజనికి 50 నుండి 55 యూనిట్ల విద్యుత్తు కావలెను. నొక్కుట మొదలగు పనులకు మరికొన్ని యూనిట్లు చేర్చవలెను. ఇంచుమించు 60 యూనిట్లు వెచ్చించి ఇంధన ఘటపు కారును 100 కిలోమీటర్లు నడుపుదుము. అదే విద్యుత్తును తిన్నగా బ్యాటరీలో నింపిన కారు, 20 యూనిట్లతో అంతదూరమును పోవును. మూడింతల భేదము చిన్నది కాదు. విద్యుత్తును ఉదజనిగ మార్చి, ఉదజనిని మరల విద్యుత్తుగ మార్చుట, ధాన్యమును ఒక గాదెనుండి మరొక గాదెకు చిల్లుసంచిలో మోయుట వంటిది. ప్రతి మార్పులోను కొంత నేలపాలగును. కాలిఫోర్నియాలో 2023లో కొన్ని బంకులందు కిలో ఉదజని ధర 36 డాలర్ల వరకు పెరిగెను. మరుసటి సంవత్సరము ఒక పెద్ద చమురు సంస్థ అచ్చట కార్లకై నడిపిన బంకులను మూసివేసెను. చిన్న కార్ల విషయమున బ్యాటరీదే పైచేయి యని ఇప్పుడు స్పష్టముగా చెప్పవచ్చును.

కాని బండి పెద్దదైన కొలది, దారి పొడవైన కొలది లెక్క మారును. నలువది టన్నుల బరువుతో దినమంతయు నడచు లారీకి చాలినంత బ్యాటరీ పెట్టినచో, ఆ బ్యాటరీ బరువే సరుకు చోటును మ్రింగును. నింపుటకు గంటలు పట్టును. స్విట్జర్లాండునందు 2020 నుండి ఉదజని లారీలు తిరుగుచున్నవి. వాటికి మొదట ఉదజనిని నది నీటినుండి పుట్టించిన విద్యుత్తుతో తయారుచేసిరి.

భారత ప్రభుత్వము 2023 జనవరిలో జాతీయ హరిత ఉదజని ఉద్యమమును ఆమోదించి, అందులకు 19,744 కోట్ల రూపాయలను కేటాయించెను. 2030 నాటికి ఏటేట 50 లక్షల టన్నుల ఉదజనిని పొగలేని పద్ధతుల తయారుచేయవలెనని లక్ష్యము. ఇందు తెలుగుదేశమునకు కూడ పాలు కలదు. హైదరాబాదు ముఖ్యస్థానముగా గల ఏ.ఆర్.సి.ఐ. పరిశోధన సంస్థ, మద్రాసునందలి తన కేంద్రములో ఇంధన ఘటములను నిర్మించుచున్నది. విశాఖపట్టణమునకు చేరువనున్న పూడిమడక తీరమున హరిత ఉదజని కేంద్రమునకు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగెను. అచ్చటి ఉదజనియందు కొంత అమ్మోనియాగను, మెథనాలుగను మారి ఓడలపై పరదేశములకు పోవలెనని సంకల్పము. కారులో ఓడిపోయిన ఆ రెండును ఉదజనిని మోయు కూలీలుగా ఓడరేవునందు మరల పనిలో చేరుచున్నవి.

మన దేశమున ఇంధన ఘటపు బండ్లకు మిక్కిలి కఠినమైన పరీక్ష లడఖునందు జరుగుచున్నది. అచ్చటి లేహ్ పట్టణము సముద్రమట్టమునకు 3,500 మీటర్ల పైచిలుకు ఎత్తున నున్నది. పెట్రోలును, డీజిలును కనుమల మీదుగా లారీలలో ఎక్కింపవలసినదే. శీతకాలమున మంచు దారులను మూసివేయును. కాని ఎండకు అచ్చట కొరత లేదు. ఎన్.టి.పి.సి. సంస్థ ఆ యెండతో విద్యుత్తును, ఆ విద్యుత్తుతో ఉదజనిని అచ్చటనే తయారుచేయుటకు 1.7 మెగావాట్ల సౌర కేంద్రమును, ఒక బంకును నెలకొల్పి, 2024 నవంబరులో ఐదు బస్సులను ప్రవేశపెట్టెను. బయటినుండి ఏ ఇంధనమును కొండ ఎక్కింప నక్కరలేని చోట మూడింతల విద్యుత్తు ఖర్చు కూడ అంత భారముగ తోపదు. అయితే అచ్చటి గాలి పలుచన. ఇంధన ఘటమునకు ఉదజని యెంత అవసరమో గాలిలోని ఆమ్లజనియు అంత అవసరము. మైదానమున పీల్చిన దానికంటె ఎక్కువ గాలిని పీల్చి ఘటమునకు అందించుటకు బస్సులోని గాలిమర శ్రమింపవలెను. రాత్రి చలికి ఘటములో మిగిలిన నీరు గడ్డకట్టకుండ చూడవలెను. ఆ బస్సులను ఈ రెంటికిని తట్టుకొనునట్లుగ నిర్మించిరి.